వెనక గొంతు

రెండో చరణంలో పాట పైకెళ్ళే చోట కుసుమకుమారికి తన గొంతు కాక ఇంకో గొంతు వినిపించింది.

గాజువాకలో పెళ్ళి రిసెప్షన్. స్టేజీ ఇరుకు. పాడేవాళ్ళకు వినపడ్డానికి పెట్టే స్పీకరు ఆ రోజు ఆమె కాళ్ళ దగ్గరికి జరిగింది. అందుకే వినిపించింది.

తిరిగి చూసింది.

వెనక కోరస్ పాడే నూకాలు కళ్ళు మూసుకుని, అదే పై స్వరం పట్టుకుని ఉంది.

పాట అయ్యింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ పాటకి ఎప్పుడూ కొడతారు.

విరామంలో కుసుమకుమారి ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు వంపుకుంటూ అడిగింది.

“ఏటే నూకాలూ, నా గొంతు మీద గొంతేస్తన్నావు?”

నూకాలు ఉలిక్కిపడింది. “నేదక్కా. పాట ఊపులో ఒచ్చేసినాది.”

“ఇంకోపాలి రాకూడదు.”

“అలాగేనక్కా.” ఫ్లాస్కు మూత అందిస్తూ మెల్లగా అంది. “అక్కా, ఒక మాట సెప్పనా? శృతి ఒక్క మెట్టు దించుకోరాదా? గొంతుకి సుకంగా ఉంటాది. అస్తమానూ అలా గీరుకుంటా ఉంటే లోపల పుండైపోద్ది.”

కుసుమకుమారికి ఒళ్ళు మండింది.

“ముప్పై ఏళ్ళ నుంచీ ఇదే శృతిలో పాడతన్నాను. నువ్వా నాకు సెప్పొచ్చేది?”

నిజానికి గొంతు చాలా కాలంగా మొరాయిస్తోంది. పొద్దున్న లేస్తూనే బొంగురు. పాడుతుంటే మధ్యలో జీర. మిరియాల పాలు, అల్లం రసం, ఆవిరి, అన్నీ అయ్యాయి. చివరికి సీతమ్మధారలో ఒక డాక్టరుకి చూపించుకుంది.

“స్వరపేటిక వాచిందమ్మా. రెండు నెలలు పాట మానెయ్యండి. మాట కూడా తగ్గించండి.”

“మూఢం వచ్చేదాకా పెళ్ళిళ్ళున్నాయండీ.”

“మీ గొంతుకి మూఢం తెలీదు కదమ్మా.”

మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు.

పెందుర్తిలో ఇంటి దగ్గర బస్సెక్కడం, పాడడం, తిరిగి బస్సెక్కడం. ఇంటికొచ్చాక ఎవరు పలకరించినా చేత్తోనే జవాబు చెప్పేది. మాటకి గొంతు మిగిలేది కాదు. అయినా స్టేజీ మీద చప్పట్లు పడుతూనే ఉన్నాయి. ఆమెకి మిగిలిన ధైర్యం అదొక్కటే.

గాజువాకలో ఆ రాత్రి బస్సు దొరక్క సామాన్ల వ్యాన్‌లో వస్తూ దేవీప్రసాద్‌తో తేల్చి చెప్పేసింది. ఆర్కెస్ట్రా అతనిది. ప్రోగ్రాములు కుదిర్చేదీ, స్టేజీ పక్కన కూర్చుని ఎవరి మైకు ఎంత వినపడాలో చూసేదీ అతనే.

“ఆ గుంట నా సీటు కోసం చూస్తన్నాది ప్రసాదూ. ఉంటే అదుండాలి, నేదంటే నానుండాలి.”

“మేడమ్, అదేటంటే...”

“ఏటీ సెప్పొద్దు.”

దేవీప్రసాద్ కిటికీలోంచి బయటికి చూశాడు. “మీ ఇష్టం మేడమ్.”

మర్నాడు రిహార్సల్‌కి వచ్చిన నూకాలుకి ఆ మాట చెప్పాడు. నూకాలు వాదించలేదు. వెళ్తూ వెళ్తూ కుసుమకుమారి దగ్గర ఆగింది.

“ఆవిరి మానకక్కా.”

కుసుమకుమారి తలెత్తలేదు. అన్నాళ్ళు తన వెనక నిలబడి పాడిన మనిషిది ఫిషింగ్ హార్బర్ దగ్గర ఏ వీధో కూడా ఆమె ఎప్పుడూ అడిగి ఎరగదు.

తర్వాతి ప్రోగ్రాము వారం తిరిగాక, పెందుర్తిలోనే పెళ్ళి. తెలిసిన ముఖాలు. అదే పాట అడిగారు.

రెండో చరణం వచ్చింది. కుసుమకుమారి ఊపిరి తీసుకుని పైకెళ్ళింది.

గాలి వచ్చింది. గొంతు రాలేదు.

మళ్ళీ ప్రయత్నిస్తే గుడ్డ చిరిగినట్టు ఒక శబ్దం. దేవీప్రసాద్ గబుక్కున కీబోర్డు సౌండు పెంచి పాట దాటించాడు. ముందు వరసలో ఎవరో నవ్వాపుకున్నారు. కొందరు జాలిగా చూశారు. మిగతావాళ్ళు భోజనాల వైపు లేచారు.

సామాను సర్దుతుంటే ఆమె వచ్చి అతని పక్క కుర్చీలో కూలబడింది.

“మొన్నటిదాకా పలికినాది కదా ప్రసాదూ. ఇయ్యాల ఏటైపోనాది?”

అతను వంగి వైరు చుట్టడం మొదలెట్టాడు.

“సెప్పు.”

“మొన్నటిదాకా కూడా పలకలేదు మేడమ్. ఆ చోటికొచ్చేసరికి మీ మైకు దించేసి నూకాలు మైకు లేపేవోణ్ణి. చాన్నాళ్ళుగా జనం వింటన్నది నూకాలు గొంతే.”

కుసుమకుమారి అతని ముఖంలోకి చూసింది.

“నువ్వు సేయించేవా?”

“నాను కాదు. తనే అడిగినాది. అక్కకి తెలిస్తే బెంగెట్టుకుంటాది, సెప్పకు అన్నాది.”

హాల్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు.

“ఫోన్ సెయ్యి. రేపే రమ్మను.”

“మొన్ననే సేసేను మేడమ్. మొగుడితో గుజరాత్ ఎల్లిపోనాది. అక్కడ వేరావల్‌లో బోట్ల మీద పని అతనికి. ఇంక పాటలొద్దనుకున్నాదంట.”

కుసుమకుమారి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బొంగురుగా అంది.

“నా సీటు కోసమే ఒచ్చినాదనుకున్నాను ప్రసాదూ.”

దేవీప్రసాద్ చుట్టిన వైరు కింద పెట్టాడు.

“ఆ సీటు నిరుడే ఇస్తానన్నాను మేడమ్. ‘అక్కని దింపేసిన స్టేజీ నానెక్కను’ అనేసినాది.”