వెలుతురుకు బదులు

"మీ ల్యాబులో ఆ ఎలుకల్ని ఏం సేస్తాండారమ్మా?" మగ్గం గుంతలో కూర్చుని నేస్తూనే అడిగాడు శంకరన్న.

సెలవు పెట్టి పొద్దున్నే ఎమ్మిగనూరు వచ్చిన కూతురు అరుణకుమారి పక్కనే చాప మీద కూర్చుంది.

"కంట్లో తిండిని బలంగా మార్చే జీన్ ఒకటి ఉంటాది నాయనా. అది లేకుండా ఎలుకల్ని పుట్టిస్తాం. సూసేదానికి కన్ను బాగానే ఉంటాది. ముందర లైటేస్తే మాత్రం బదులు సెప్పదు. కన్ను బదులిస్తే కంప్యూటర్లో ఎగరాల్సిన గీత అట్లే పండుకోనుంటాది."

"అంటే కడుపు నిండినా కన్ను పస్తే."

"అంతే."

తల్లి నీలమ్మ రాట్నం వదిలి లేచింది. ఎర్రనూలు కండె ఎక్కించి, పడుగులో అటూ ఇటూ తిరిగే నాడెను భర్త చేతిలో పెట్టింది. పొద్దుటి నుంచీ రంగు మారాల్సిన ప్రతిసారీ ఆమె అలాగే లేచి వస్తోంది. అమ్మకు నాయన మీద ఇంత గారాబం ఎప్పుడు మొదలైందో అనుకుంది అరుణకుమారి.

కిటికీ లేని ఆ గదిలో ఉన్నట్టుండి బల్బు ఆరిపోయింది. రాట్నం ఆగింది. మగ్గం ఆగలేదు.

"సీకట్లో కూడా నేస్తాండావే నాయనా!" అరుణకుమారి నవ్వింది.

అప్పుడు ఆగింది మగ్గం.

"కరెంటు పోయిందా?" శంకరన్న అడిగింది కూతుర్ని కాదు, నీలమ్మను.

అరుణకుమారి ఫోన్ లైటు వేసింది. ఆ వెలుతురు సూటిగా తండ్రి కళ్లలో పడింది. రెప్ప కదల్లేదు. చూసేందుకు కళ్లు బాగానే ఉన్నాయి.

"పోయింది," అంది నీలమ్మ, కూతురి వైపు చూడకుండా. "వచ్చినాక నేను సెప్తాలే."