అన్న పేజీకి మినహాయింపు

పాత సైటుకు వచ్చేవాళ్లందర్నీ కొత్త సైటుకు మళ్లించే రూలు రాసి, చనిపోయిన అన్న పేజీని మాత్రం మినహాయించిందామె. అతని గొంతు మిగిలింది అక్కడొక్కచోటే.

అందరూ వెళ్లిపోయిన ఆఫీసులో ఆ పేజీ తెరిచింది.

"ఒసేయ్ పిల్లరాక్షసీ, తిన్నావా?"

పాత రికార్డింగే. హమ్మయ్య అనుకుంది.

అంతలో తన తప్పు కనిపించింది. మినహాయింపులో అన్న పేరు చివర, చిరునామా అక్కడితో ముగిసిందని చెప్పే డాలర్ గుర్తు పెట్టడం మరిచిపోయింది. అది లేకపోతే అన్న పేరుతో మొదలయ్యే ప్రతి చిరునామాకీ మినహాయింపు వర్తిస్తుంది. పరీక్షించడానికి చిరునామాలో ఆ పేరు పక్కన 2 కొట్టింది. అలాంటి పేజీ ఎవరూ తయారుచెయ్యలేదు. అయినా తెరుచుకుంది.

"ఇంకా ఇంటికి పోలేదేమే?" అన్నాడు అన్న.

ఏసీ చప్పుడు ఆగిపోయింది.

"ఆ గుర్తు పెట్టేసి వెళ్లిపో, బంగారం. ఇక్కడ నేనొక్కణ్ణే లేను."

ఇంట్లో ఆమె కోసం ఎదురుచూసేవాళ్లెవరూ లేరు. 2 చెరిపి, 3 కొట్టింది.