పక్కకు తిరిగిన పేజీ

"మళ్ల పేజీ అడ్డం తిప్పినవా బాపు? పొద్దుగాలనే సక్కగ పెట్టి పోయిన గద," అంటూ సంతోషి స్టూలు మీది ల్యాప్‌టాప్‌లో కామిక్ పేజీని నిలువుగా తిప్పింది. నాలుగు రోజులుగా పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, మూడు షిఫ్టులూ ఆమెకు ఇదే పని.

నడుము ఆపరేషనై, బొగ్గుబాయి డ్యూటీకి సెలవు పెట్టి మంచం మీదున్న ఓదెలు, కూతురు వంటింటి వైపు తిరగగానే చెయ్యి చాపి మీట నొక్కాడు. పేజీ అడ్డం పడింది.

గడప దగ్గరే ఆగి చూసిందామె. "గట్లెట్ల చదువుతవు? బొమ్మలన్ని పండుకున్నయి."

"నేను గూడ పండుకునే ఉన్న గద బిడ్డా. ఇంకో నెల గిట్ల పక్కకు ఒరిగే ఉండాలన్నరు దవాఖానల."

సంతోషి వెనక్కొచ్చింది. తర్వాత మంచం అంచున ఒరిగి, ఆయన దిండు మీదే తల పెట్టి తెర వైపు చూసింది.

బొమ్మలన్నీ లేచి నిలబడ్డాయి.