పొద్దున చేర్చిన వరుస

"కంప్యూటర్లో ఉందిగా నర్సింహులూ, బ్రేకు పైపు పగుళ్లు చూడాలని! ఎందుకు చూడలేదు?" గ్యారేజీ యజమాని బాపిరాజు తెరను మెకానిక్ వైపు తిప్పాడు.

నిన్న కంది ఊరి దగ్గర బ్రేకు పైపు పగిలి, బ్రేకు పడక ఒక కారు డివైడర్‌ను గుద్దింది. నడుపుతున్నావిడ చెయ్యి విరిగింది. వారం కిందట ఆ బ్రేకు పని చేసింది నర్సింహులే.

"కాయితంల ఉన్నయన్నీ చేసిన సార్. కాయితం అలవాటైనంక నెత్తిల ఏం ఉంటలేదు." అతని గొంతు తగ్గింది. "నేనే ఇడిసిపెట్టిన్నేమో."

గ్యారేజీ కంప్యూటర్ పని చూసే స్నిగ్ధ పక్కనే కూర్చుని ఉంది. బ్రేకు పనికి ఏమేం చెయ్యాలో నర్సింహులు చెబుతుంటే, అన్ని బండ్లకూ పనికొచ్చేలా ఒక జాబితాగా కంప్యూటర్లో ఎక్కించింది ఆమే. బండి వచ్చినప్పుడల్లా దాన్నే కాయితం మీద అచ్చు తీసి మెకానిక్‌కు ఇస్తారు. పైపు సంగతి మరిచిపోయింది. పొద్దున ప్రమాదం గురించి విని, ఎవరూ రాకముందే పైపు చూడాలన్న ఆ వరుస జాబితాలో చేర్చింది.

"రేపట్నుంచి రావద్దు," అన్నాడు బాపిరాజు.

నర్సింహులు చేతులు తుడుచుకున్నాడు.

స్నిగ్ధ లేచి నిలబడింది. "సార్, ఆ పైపు సంగతి ఇయ్యాల పొద్దున నేను రాసిన. అన్న జాబితా రాసేటప్పుడే చెప్పిండు. నేనే ఎక్కియ్యలే."

బాపిరాజు ముఖం ఎర్రబడింది. అతను నోరు తెరిచేలోగా నర్సింహులు అడ్డొచ్చాడు.

"తిట్టుడు తర్వాత సార్. చెల్లె, గా కాయితంతోని ఇంకెన్ని బండ్లు పోయినయ్?"

స్నిగ్ధ తెర మీద వెతికింది. "తొమ్మిది."

పొద్దుటి నుంచీ తన ఉద్యోగం గురించే తప్ప, ఆ తొమ్మిది బండ్ల గురించి ఒక్కసారీ ఆలోచించలేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

"జల్దీ ఆ బండ్లోళ్లందరికీ ఫోన్ చెయ్," అన్నాడు నర్సింహులు.