సూర్యుడికి చప్పట్లు

నాగేంద్రప్రసాద్ అలిగాడు.

అలక ఆయనకు కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో వంకాయ కూరలో ఉప్పు తగ్గిందని అలిగాడు. మస్కట్ వచ్చాక, అజైబాలో ఉండి కూడా సముద్రం కనపడని ఫ్లాట్ తీసుకున్నామని అలిగాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ మొండితనానికి మందు భార్య శేషుకుమారి ఒక్కతికే తెలుసు. ఎదురుగా కూర్చుని బతిమాలితే ముద్ద ముట్టడు. వడ్డించేసి పక్కకు తప్పుకోవాలి. ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక తనే వచ్చి తింటాడు.

ఈసారి అలక మాత్రం చిన్నది కాదు. రియో టికెట్లు రద్దయ్యాయి.

బ్రెజిల్లోని ఆ సముద్రపు ఊరి మీద ఆయనకు అంత మోజు ఎందుకో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. ఖురంలోని ఆఫీసులో పొద్దస్తమానం ఫైళ్ళు చూసే మనిషి, ఇంటికొస్తే రియో కబుర్లే. షుగర్‌లోఫ్ కొండకు తీగ మీద వేలాడే పెట్టెలో వెళ్ళాలి. చేతులు చాచిన క్రీస్తు విగ్రహం దగ్గరికి పొద్దున్నే పోవాలి, ఆలస్యమైతే జనంలో ఏమీ కనపడదు. కోపకబానా ఒడ్డున నలుపూ తెలుపూ రాళ్ళతో అలల్లా పరిచిన బాట మీద చెప్పులు విప్పి నడవాలి. నడిచి నడిచి అలసిపోయి కొబ్బరి బొండం తాగాలి.

"కోనసీమలో పుట్టి, బొండం తాగడానికి బ్రెజిల్ పోవాలా?" అనేది శేషుకుమారి.

అన్నిటికన్నా చివర అర్పొడోర్ అనే బండ. సాయంత్రం అక్కడ సూర్యుడు మునుగుతుంటే జనం చప్పట్లు కొడతారట.

"రోజూ మునిగేవాడికి చప్పట్లెందుకండీ?"

"రోజూ మునుగుతాడనేగా మనం పట్టించుకోనిది. ఆ బండ మీద నువ్వు చప్పట్లు కొడుతుంటే చూడాలే నేను."

అలాంటి ప్రయాణాన్ని మొన్న కొడుకు భానుతేజ ఒక్క ఫోన్‌తో తుడిచేశాడు. నాగేంద్రప్రసాద్ పక్కనే నిలబడి వద్దురా అన్నాడు. కొడుకు తల తిప్పలేదు. అవతల ట్రావెల్ ఏజెంట్ కమ్రాన్ మాట పూర్తిగా విన్నాడు. తర్వాత మారుమాట లేకుండా సరేనన్నాడు. పేచీ పెట్టందే ఏదీ ఒప్పుకోని కమ్రాన్ అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాగేంద్రప్రసాద్‌కి వింతగా తోచింది.

"ఆ ఊరి పేరు ఇక ఈ ఇంట్లో ఎత్తకురా," అంది శేషుకుమారి గోడవైపు తిరిగి.

అప్పటినుంచీ ఇల్లు ఇల్లులా లేదు. ఫోన్ మోగితే భానుతేజ బాల్కనీలోకి పోయి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. మంచం మీంచి నాగేంద్రప్రసాద్ దిండు ఎవరో తీసేశారు. హాల్లో లైటు ఆర్పడం లేదు. నిద్ర పట్టక ఆయన గది గదికీ తిరిగాడు. భార్య దగ్గర నిలబడి మెల్లగా పిలిచాడు. ఆమె ఉలిక్కిపడి లేచింది, తలుపు వంక చూసింది, మళ్ళీ ముసుగు తన్నింది. అలిగింది తనైతే సాధింపు వాళ్ళదా? ఆయనకు చెప్పలేనంత దిగులేసింది.

ఈ రోజు తెల్లవారగానే ముగ్గురూ అజైబా సముద్రపు ఒడ్డుకు వచ్చారు. ఎప్పుడూ లేనిది భానుతేజ నెత్తిన టోపీ పెట్టుకుని కారు నడిపాడు. వెనక సీట్లో నాగేంద్రప్రసాద్, ఆయన పక్కన క్యారియర్.

శేషుకుమారి ఇసుక మీద అరిటాకు పరిచి వడ్డించింది. గారెలు, వంజరం పులుసు, అన్నం, పెరుగు. పక్కన మూతి కొట్టిన కొబ్బరి బొండం. అన్నీ ఆయనకు ఇష్టమైనవే. బొండం చూడగానే మనసు కొంచెం మెత్తబడింది, కానీ లొంగలేదు. బోర్లించి ఉన్న వేట పడవ అంచున కూర్చుని, మెడ పక్కకు వంచి ఆకు వంక చూశాడు. కడుపులో ఆకలి దహించేస్తోంది.

తల్లీ కొడుకులు వెనక్కి తగ్గి నిలబడ్డారు.

"తినండి," అంది శేషుకుమారి. ఆయన కదల్లేదు.

"సముద్రం కనపడే ఫ్లాట్‌కే మారదాం నాన్నా," అన్నాడు భానుతేజ. ఆయన కదల్లేదు. అడిగింది ఫ్లాటా?

ఎండ ఎక్కుతోంది. ఆకులో అన్నం ఆరిపోతోంది.

"ఇంకా రాలేదేంటమ్మా?" కొడుకు తల్లి వైపు తిరిగాడు. "మనసులో ఏదో పెట్టుకున్నారు."

అదేమిటో శేషుకుమారికి తెలుసు. ఆకు దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాకు విమానమంటే భయం. ఆ తీగ పెట్టె అంటే ఇంకా భయం. అది మీకూ తెలుసు," అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "టికెట్లు మళ్ళీ తీయిస్తాను. ఆ కొండ ఎక్కుతాను. రాళ్ళ బాట మీద చెప్పులు విప్పి నడుస్తాను. మీ బండ మీద నిలబడి సూర్యుడికి చప్పట్లు కొడతాను. మీరు చూద్దురుగాని. ఇక తినండి."

అంటూనే, నేర్చుకుంటున్నట్టు, అరచేతులు రెండూ కలిపి మెల్లగా చప్పట్లు కొట్టింది. తర్వాత లేచి, పాత అలవాటు ప్రకారం ముఖం తిప్పుకుని దూరంగా నడిచింది.

నాగేంద్రప్రసాద్ అలక అక్కడితో తీరిపోయింది. ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసుకున్నాడు. పడవ దిగి, రెండు గెంతుల్లో ఆకు దగ్గరికి చేరి, ముందుగా గారె అందుకున్నాడు.

"అమ్మా," అన్నాడు భానుతేజ, టోపీ తీసి కొత్త గుండు తడుముకుంటూ, "కాకి ముట్టింది."