వైరు లేని లైటు

పిల్లి కన్ను ఆ నగల షాపు మీద పడింది.

పిల్లి అంటే తోకున్న పిల్లి కాదు. అడుగు చప్పుడు కాకుండా నడుస్తాడని తోటి దొంగలు పెట్టిన పేరది. అతని వెంట తిరిగే బావమరిదిని బండ అంటారు. వాడు నడిస్తే పక్కింట్లో గిన్నెలు కదులుతాయి.

షాపు చిన్నది. గుమ్మం దగ్గర కాపలా లేదు. యజమాని బట్టతల పెద్దమనిషి, నోట్లో నాలుక లేనట్టు మెల్లగా మాట్లాడతాడు. అద్దానికి ఓ కాగితం అంటించి పెట్టాడు, నగలకు ఫోటోలు తీసేవాళ్ళు కావాలని.

"చూశావుట్రా? బొట్టు పెట్టి మరీ దోచుకోమంటున్నాడు" అన్నాడు పిల్లి.

పథకం తేలికైనదే. ఫోటోగ్రాఫర్లమని చెప్పి లోపలికి వెళ్ళాలి. నగలు బయట పరిపించాలి. పెద్ద ఫ్లాష్ లైటు ఒకటి పెట్టి, దాని వంక చూడమని చెప్పి ఫట్టుమనిపించాలి. పాపం, ఆయన కళ్ళు నలుపుకునేలోగా నగలతో ఉడాయించాలి.

మొదట ఓ కెమెరా, ఓ వైరు లైటు అద్దెకు తెచ్చారు. పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు.

"వైరు వద్దు బాబూ. వచ్చేపోయే ఆడవాళ్ళు తట్టుకుని పడతారు. బ్యాటరీతో నడిచేవి వస్తున్నాయట కదా, అలాంటిది తీసుకురండి."

మర్నాడు కెమెరా నెత్తిన పెట్టుకునే చిన్న ఫ్లాష్ తెచ్చారు. పెద్దమనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మిణుగురు పురుగులా ఉంది బాబూ. దీంతో తీస్తే నగ మెరవదు, దాని నీడ మాత్రం గోడ మీద దెయ్యంలా పడుతుంది. స్టూడియో లైటంత బలం ఉండాలి. ఒకసారి వెలిగాక చప్పున మళ్ళీ సిద్ధమవ్వాలి. బ్యాటరీ ఊడదీసి ఇంకోటి పెట్టుకునేలా ఉండాలి. కాంతి మెత్తగా పడటానికి ముందు తగిలిస్తారే, ఆ తెల్లగుడ్డ పెట్టె, అది కూడా మరిచిపోకండి."

బయటికి రాగానే బండ విసుక్కున్నాడు. "నగలమ్ముకునేవాడికి ఇన్ని షోకులేంటి బావా?"

"బంగారం ఉన్నచోట చాదస్తం కూడా ఉంటుందిరా. ఓర్చుకో."

అలాంటి లైటు అద్దెకిమ్మంటే పిల్లి మొహం చూసి ఎవరూ ఇవ్వలేదు. పోనీ కొట్టేద్దామంటే, కెమెరాలమ్మే షాపులో మూల మూలకీ కెమెరాలే. చేసేది లేక పెళ్ళాం స్కూటరు అమ్మి కొన్నాడు.

ఆ ఇల్లాలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నా స్కూటరు మళ్ళీ ఈ వాకిట్లో కనబడేదాకా నీ మొహం నాకు చూపించకు. ఒరేయ్ తమ్ముడూ, నువ్వు కూడా ఇటు రాకు."

ఇంక పని జరిగి తీరాల్సిందే. లేకపోతే ఇద్దరికీ నడివీధే గతి.

కొత్త లైటును చూడగానే పెద్దమనిషి మొహం చాటంతయింది. మేజా మీద మఖమలు గుడ్డ పరిచి, హారాలు, గాజులు, గొలుసులు తానే వరసగా పేర్చాడు. బండ మెడలో కెమెరా వేలాడుతోంది. పిల్లి లైటును స్టాండుకెక్కించి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, కాస్త లైటు వంక చూడండి. రంగు సరిచూసుకోవాలి."

ఆయన బుద్ధిగా చూశాడు. బండ మీట నొక్కాడు. లైటు వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. ఊహూ, లేదు.

"బాబూ, కెమెరా మీద లైటుకి సంకేతం పంపే ట్రిగ్గరూ, ఆ లైటూ ఒకే ఛానెల్‌లో ఉన్నాయా?" అన్నాడు పెద్దమనిషి నెమ్మదిగా. "పవర్ సగమే పెట్టినట్టున్నారు, పూర్తిగా పెంచండి. ఆ తెల్లగుడ్డ పెట్టె కూడా తీసేస్తే రంగు ఇంకా బాగా తెలుస్తుంది."

బండకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఎంత మంచాయన బావా! ఇలాంటివాణ్ణి..." అని గొణిగాడు. పిల్లి వాడి కాలు కసక్కున తొక్కాడు.

ఈసారి మీట నొక్కగానే షాపంతా పిడుగు పడ్డట్టు తెల్లబడింది.

"అయ్యో, నా కళ్ళు! నా కళ్ళు!" అంటూ పెద్దమనిషి మొహం రెండు చేతులతో కప్పుకుని కుర్చీలో కూలబడ్డాడు.

పిల్లి మఖమలు గుడ్డను నగలతో సహా మూటగట్టాడు. బండ స్టాండు ముడవబోయాడు. దాని కాళ్ళు చచ్చినా ముడుచుకోవు.

"బావా, లైటో?"

"వదిలెయ్యరా మొద్దూ! ఈ హారం ఒక్కటి చాలు, అలాంటివి బండెడు కొనొచ్చు."

ఇద్దరూ వీధిన పడి పరుగెత్తారు. కెమెరా బండ బొజ్జకు టపటపా కొట్టుకుంటోంది. కదిలిపోతున్న బస్సు కమ్మీ పట్టుకుని వేలాడుతూ, "మీ అక్కకి స్కూటరేంట్రా, కారే కొంటా!" అన్నాడు పిల్లి.

కేకలు విని పెద్దమనిషి భార్య లోపలినుంచి వచ్చింది. ఆయన ఇంకా చేతులు తీయలేదు.

"వెళ్ళారేమో వీధిలోకి చూడవే" అన్నాడు.

"బస్సెక్కేశారండీ."

ఆయన చేతులు తీసి, ఆ కొత్త లైటును దూడను నిమిరినట్టు నిమిరి, "ఇంకో బుట్టెడు గిల్టు నగలు తెప్పించవే, కెమెరా కూడా వదిలేసి పారిపోయే దొంగ ఒక్కడు దొరికితే చాలు, ఈ నగల షాపు బోర్డు పీకేసి హాయిగా ఫోటో స్టూడియో తెరిచేద్దాం!" అన్నాడు.