చేపలు ఎండబెట్టుకునే చోటు

సముద్రపొడ్డున చేపలు ఎండబెట్టుకోవాలంటే ఇకమీదట పర్మిట్ ఉండాలి. ఉన్నవి పన్నెండు చోట్లు, అడిగినవాళ్లు నలభైమంది. పర్మిట్లిచ్చే గుమాస్తా అందరి ఎదుటా డబ్బాలోంచి పన్నెండు చీటీలు తీసి చదివాడు. ముప్పయ్యేళ్లు ఆ ఇసుకలోనే చేపలు ఆరబెట్టి, ఆ ఉప్పుచేతులతోనే అతణ్ణి చదివించిన సొంత అక్క పేరు రాలేదు.

వినండి జనులారా! ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"తోడబుట్టినదానికే ఇవ్వలేదు, న్యాయమంటే అతనిదిరా!" అని చోటు దొరికినవాళ్లు అతణ్ణి భుజాలకెత్తుకున్నారు. ఆ పొగడ్త అతని నోటికి జుంటితేనె.

అందరూ వెళ్లాక అక్క అతని దగ్గరికొచ్చింది.

"పోనీలేరా. నా రాత బాగోలేకపోతే నువ్వేం చేస్తావు? రేపట్నించి ఎవరింట్లోనో అంట్లు తోముకుంటాను."

"రాతేం కాదక్కా," అన్నాడు తమ్ముడు, డబ్బాకు తాళం వేస్తూ. "నీ చీటీ నేను వెయ్యనేలేదు. తీరా నీ పేరే వస్తే నలుగురూ నన్నేమంటారు?"



"ఇంతసేపూ దేవుణ్ణి తిట్టుకున్నాను కదరా," అంది. "ఆయన దాకా అసలు నా పేరే వెళ్లలేదన్నమాట."